నాలుగో తీగ

“తోల్యో... అన్నానికి రా!”

అమ్మ గొంతు వినగానే క్రిసెల్డా పక్కమీద లేచి కూర్చుంది. కిటికీ బయట అప్పుడే తెల్లవారుతోంది. వంటింట్లోంచి ఎండుచేప వేగుతున్న వాసన, పక్కింటి కోడిపుంజు గోల, సందులో రొట్టెల సైకిల్ హారన్. తను పుట్టి పెరిగిన ఇంట్లో ఏనాడూ మారని తెల్లవారుజాము అది. ఆ పిలుపూ మారలేదు. చిన్నప్పటినుంచీ రోజూ విన్నదే. కాకపోతే ఆ పిలుపు అందుకోవలసిన మనిషి పోయి, ఈ ఆదివారానికి ఏడాది.

ఆ వెంటనే ముందుగదిలోంచి బదులు వినిపించింది. ఒక్కటే స్వరం, సన్నగా, ఎవరో తీగమీద వేలు ఆనించి తీసినట్టుగా వచ్చి ఆరిపోయింది.

“వస్తున్నాడ్లే,” అంది అమ్మ, గరిటె పక్కన పెట్టిన చప్పుడుతో పాటు.

క్రిసెల్డా దుప్పటి తోసేసింది. తమ్ముడి భార్య అనలిన్ ఫోన్‌లో చెప్పినప్పుడు ఇదంతా కోడలి కోతలనుకుంది. తమ్ముడు ఓడ ఉద్యోగంలో ఎక్కడో సముద్రం మీద ఉంటాడు. ఇంట్లో ఇద్దరాడవాళ్ళు, ఒకరి మాట ఒకరికి గిట్టదు, గోరంతని కొండంత చేసి చెబుతోందిలే అనుకుంది. ఇప్పుడు చెవులారా విన్నది.

లేచి ముందుగదిలోకి వెళ్ళింది. గోడకి నాన్న గిటార్ వేలాడుతోంది. దాని కింద చాప మీద ఒక పళ్ళెం. అన్నం, ఎండుచేప, కొబ్బరి వెనిగర్ గిన్నె. అమ్మ లుదివినా నల్ల గౌనులో పళ్ళెం ఎదురుగా కూర్చుని, వచ్చిన మనిషికి వడ్డిస్తున్నంత నింపాదిగా ఈగలు తోలుతోంది.

“ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?”

“మీ నాన్నతో. నువ్వు మాట్లాడవు. నేనన్నా మాట్లాడొద్దా?”

ఆ మాట సూటిగా తగలవలసిన చోటే తగిలింది. క్రిసెల్డా వంటింట్లోకి నడిచింది.

అనలిన్ పొయ్యి దగ్గర గుసగుసగా మొదలుపెట్టింది. “విన్నావా వదినా? నే చెబితే నమ్మావా? పొద్దునా మధ్యాహ్నం ఇదే వరస. ఆవిడ పిలవడం, అది పలకడం. అది పలికితే గానీ ఆవిడ ముద్ద ముట్టదు. వీధిలో అందరూ మీ ఇంట్లో ఆత్మ తిరుగుతోందటగా అంటున్నారు. నేను చర్చికెళ్ళొచ్చినప్పుడల్లా ఆ గది దాటడానికి జపమాల పట్టుకుంటున్నాను తెలుసా!”

“ఎల్లుండి చర్చిలో నాన్న ఏడాది పూజ అయిపోగానే అమ్మ సంతాపపు నల్లబట్టలు తీసేస్తుంది. దాంతోపాటే ఆ గిటారూ ఇంట్లోంచి పోవాలి. సొతేరో అంకుల్‌తో మాట్లాడాను. నాన్నతో కలిసి వాయించినవాడు, తనే కొంటానన్నాడు. రేపు మధ్యాహ్నం వచ్చి చూసుకుని తీసుకెళ్తాడు.”

“మరి అత్తయ్యకి చెప్పావా?”

క్రిసెల్డా పొయ్యి మీది గిన్నెకి మూత సర్దింది.

“చెప్పలేదన్నమాట,” అంది అనలిన్. “నేనైతే రేపు పుట్టింటికెళ్ళిపోతాను బాబూ.”

అమ్మని ఆ గిటార్ తినేస్తోందని క్రిసెల్డా నమ్మకం. ముద్ద మింగాలంటే ఒక కొయ్యపెట్టె అనుమతి కావలసొస్తే రేపు ఏమవుతుంది? అది గోడమీద ఉన్నంతకాలం అమ్మ ఆ పళ్ళెం ముందునుంచి లేవదు. అందుకే ఏడాదిగా రాని మనిషి సెలవు పెట్టుకుని మరీ వచ్చింది.

గిటార్‌లో మంచీచెడూ తేల్చడమే ఆమె వృత్తి. వంతెనకి అవతల, నగరంలో పెద్ద దుకాణం. అక్కడికి వచ్చే ప్రతి ఖరీదైన గిటారూ ముందు క్రిసెల్డా చేతిలోకి రావాలి. ఆమె సరేనంటేనే అద్దాల బీరువాలోకి వెళ్తుంది. అమ్మ పూజకి పూల సంగతి మాట్లాడడానికి చర్చికెళ్ళిన వేళ చూసి, ఆ సాయంత్రం నాన్న గిటార్‌ని గోడమీంచి దించింది.

ఈ మక్తాన్ దీవిలో గిటార్లు చేసే ఇళ్ళు వీధికి పది ఉంటాయి. ఇది మాత్రం వాళ్ళందరికీ గురువైన ముసలాయన చేసింది. వేళ్ళతో మీటేవాళ్ళ కోసమే చేసేవాడాయన, అదీ ఏడాదికి ఒకటో రెండో. నాన్న మూడేళ్ళు ఎదురుచూశాడు. ఇంటి కప్పు కారుతుంటే గిన్నెలు పెట్టుకుని, దీన్ని మాత్రం తడవని మూలలో పడుకోబెట్టాడు. “ఇల్లు దానిది, అద్దెకుంటున్నది మనం,” అని అమ్మ నవ్వుతూ దెప్పేది.

ముందు మెడ వెంబడి కన్ను పెట్టి చూసింది. వంపు లేదు. సముద్రపు గాలికి పైపలక ఉబ్బి ఉంటుందనుకుంది, ఉబ్బలేదు. చిన్న అద్దం, లైటు లోపల పెట్టి ఆధారపు కర్రలన్నీ చూసింది. ఒక్క అతుకు ఊడలేదు. రంధ్రం దగ్గర ముక్కు పెడితే పాత దేవదారు వాసన, దాని వెనకే నాన్న తలకి రాసుకునే కొబ్బరినూనె వాసన. చటుక్కున మొహం తిప్పుకుంది.

పైపలక అంచున నాన్న మోచెయ్యి ఆనేచోట మెరుగు పోయి కొయ్య బయటపడింది. ఆ చోట తన చెయ్యి ఆనించక తప్పలేదు. బొటనవేలితో లావు తీగని ఊరికే తాకింది. చాలా గిటార్లు గట్టిగా అడిగితేగానీ మాట్లాడవు. ఇది తాకీ తాకకముందే పలికింది. ఆ ఒక్క తీగలోనే స్వరం వెనక స్వరం వేటికవి విడివిడిగా, ఏ ఒక్కటీ ఇంకోదాన్ని మింగకుండా వినిపించాయి. తన చేతిలోకి వచ్చిన గిటార్లన్నింటిలోకీ ఇదే గొప్పది. అది తెలిసి ఆమెకి సంతోషం కలగలేదు, కోపం వచ్చింది.

పన్నెండేళ్ళ కిందట ఊరి ఉత్సవంలో పోటీ. న్యాయనిర్ణేతల్లో నాన్న ఒకడు. క్రిసెల్డాకి పందొమ్మిదేళ్ళు. ఆరునెలలు సాధన చేసి, ఒక్క తప్పు లేకుండా వాయించింది. బహుమతి ఇంకెవరికో ఇచ్చి, నాన్న మైకులో అందరూ వింటుండగా అన్నాడు, “అమ్మాయి వేళ్ళు నేర్చుకున్నాయి. చెవి ఇంకా నేర్చుకోవాలి.” జనం నవ్వారు. ఆ రోజునుంచి క్రిసెల్డా గిటార్ వాయించలేదు, నాన్నని నాన్నా అని పిలవలేదు. కబురు ఏదైనా అమ్మ ద్వారానే. “ఆయన్ని ఉప్పు అందించమను.” ఆయన పక్కనే కూర్చుని ఉప్పు అందించేవాడు. పట్టుబట్టి చెవినే వృత్తి చేసుకుంది. నగరంలో గిటార్ వాయించేవాళ్ళందరూ ఆమె చెవికి దండం పెట్టారు. అది ఆయన చెవిన పడాలని ఆమె కోరిక. పడిందో లేదో తెలియదు. శవం ముందు అందరూ పేరు పెట్టి ఏడుస్తుంటే తను నోరు తెరవకుండా నిలబడిపోయింది.

ఇంతా చూసి శ్రుతి చూడడానికి ట్యూనర్ బిగించింది. శ్రుతంతా గందరగోళం. మూడో తీగ ఎక్కువ బిగిసి ఉంది, అయిదోది వదులు. మిగతావి వాటి వెనకే సర్దుకున్నట్టున్నాయి. నాలుగోది మరీ అన్యాయం, ఏ స్వరం మీదా లేదు, రెండు స్వరాల మధ్య సందులో ఉంది. ఏడాది గోడకి వేలాడితే ఇంతే అనుకుంది. కొనేవాడు వచ్చేసరికి ఒద్దికగా ఉండాలి కదా. ఒక్కో మర తిప్పుతూ తీగలన్నీ దారిలో పెట్టింది. నాలుగో తీగ మాత్రం మెట్ల దగ్గర బాగా అరిగి, చుట్టు విచ్చుకుని ఉంది. బిగిస్తే పుటుక్కుమంటుంది. సొతేరో అంకుల్ తీగలు తెచ్చుకుంటాడులే, అని దాన్ని ముట్టుకోకుండా గిటార్ యథాస్థానంలో తగిలించింది. గదిలోంచి బయటికి వస్తుంటే వెనక ఎవరో ఏదో అనబోయి ఊరుకున్నట్టు అనిపించింది. వెనక్కి తిరగకుండా తలుపు వేసింది.

మర్నాడు పొద్దున్న అమ్మ మామూలుగానే పళ్ళెం పెట్టింది. మామూలుగానే పిలిచింది.

“తోల్యో... అన్నానికి రా!”

ఉలుకూ పలుకూ లేదు.

“తోల్యో!”

వంటింట్లో అనలిన్ చేతిలో గరిటె ఆగిపోయింది. మూడోసారి పిలిచినప్పుడు అమ్మ గొంతు వణికింది. నాలుగోసారి పేరు సగంలోనే తెగిపోయింది. చాప మీంచి లేచి గిటార్ దగ్గరికి వెళ్ళి, వేలితో మూడో తీగ తాకి చూసి, గిరుక్కున తిరిగింది.

“ఎవరే ముట్టుకున్నది?”

“నేనే,” అంది క్రిసెల్డా. “శ్రుతి పోయి ఉంటే సరిచేశాను. ఇవాళ సొతేరో అంకుల్ వస్తున్నాడు. దీన్ని తీసుకెళ్తాడు.”

“తీసుకెళ్తాడా? ఎవర్నడిగి? నాన్న పోయిన ఏడాదికి కూతురికి గిటార్ గుర్తొచ్చిందన్నమాట! అదీ బేరం పెట్టడానికి!”

“బేరం కోసం కాదమ్మా, నీ కోసం! నిన్ను వీధిలో ఏమంటున్నారో తెలుసా? పొద్దున లేచి పోయిన మనిషిని పిలుస్తావు, పళ్ళెం పెడతావు, అది మోగితేగానీ తినవు. పిచ్చెక్కుతుందమ్మా ఇలాగైతే!”

“అత్తయ్యా, వదిన మంచికే...” అని అనలిన్ నసిగింది.

“నువ్వు నోర్ముయ్యి. ఫోన్ చేసింది నువ్వేగా.” లుదివినా కూతురి వైపే చూస్తోంది. “ఏడాది పూజ కూడా కానివ్వకుండా మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టావే.”

ఇక క్రిసెల్డా ఆగలేకపోయింది. “ఏ మనిషమ్మా? అక్కడ మనిషి లేడు! అది తీగ! నీ గొంతు స్థాయీ ఆ తీగ స్థాయీ ఒకటైతే అది దానంతట అదే కదులుతుంది. నా దుకాణంలో రోజూ పది గిటార్లు అలా మోగుతాయి. ఆత్మా లేదు గీత్మా లేదు. అది ఉత్త తీగ!”

అమ్మ ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. గొంతు పెంచకుండా అంది.

“తీగని నాకు తెలియదనుకున్నావా? గిటార్ మనిషితో ముప్పైఅయిదేళ్ళు కాపురం చేశాను. పెళ్ళైన కొత్తలో ఆయనే చూపించాడు. నువ్వు పిలిస్తే నాకన్నా ముందు ఇదే పరిగెత్తుకొస్తుంది చూడు అని. ఏ గిటార్ కొన్నా ముందు నన్ను వంటింట్లోంచి పిలవమనేవాడు. నా పిలుపుకి మూడో తీగని శ్రుతి కట్టేవాడు. దాన్నిబట్టి మిగతావి సర్దుకునేవాడు. తోటివాళ్ళు నవ్వేవాళ్ళు, తోల్యో గిటార్ లోకంతో కలవదని. మా ఇంటితో కలిస్తే చాలనేవాడు.”

క్రిసెల్డా గోడమీది గిటార్ వైపు చూసింది.

“మనిషి పోయాడని తెలుసు. ఆయన కళ్ళు నేనే మూశాను. కానీ ఆ మరలు ఆయన తిప్పి వదిలిపెట్టినవి. ఆస్పత్రికి వెళ్ళే రోజు పొద్దున్న కూడా తిప్పాడు. ఆయన చెయ్యి అక్కడే ఉంది, ఏడాదిగా నేను పిలుస్తుంటే పలుకుతోంది. నువ్వొచ్చి ఆ చెయ్యి తీసేశావు, ఇందాయ్.”

తన చిన్నప్పుడు అమ్మ తనని ఇందాయ్ అని పిలిచేది. ఆ ముద్దుపేరు ఇన్నేళ్ళకి మళ్ళీ వినబడింది. క్రిసెల్డా అక్కడే గడపమీద కూర్చుంది. దేశంలో ఎవరి గిటార్‌లో చిన్న తేడా ఉన్నా పట్టేసే చెవి. నిన్న సాయంత్రం ఆరు తీగలు తప్పిపోయాయని మాత్రమే విన్నది. ఎందుకు తప్పాయో వినలేదు. మైకులో నాన్న అన్న మాట ఇన్నేళ్ళకి అర్థమైంది, చేతులు కాలాక.

“మళ్ళీ కడతానమ్మా,” అంది. “నువ్వు పిలువు. నీ గొంతుకి కడతాను.”

గిటార్ దించి ఒళ్ళో పెట్టుకుంది. ట్యూనర్ సంచిలో పడేసింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచింది. గొంతు బొంగురుపోయి ఉంది. మూడో తీగ బిగించినా కదల్లేదు, వదిలినా కదల్లేదు. మళ్ళీ పిలిచింది. ప్రతిసారీ స్వరం మారుతోంది.

“ఇలా కాదు వదినా,” అంది అనలిన్. పుట్టింటికి పోతానన్న మనిషి ముక్కు చీదుకుంటూ అక్కడే ఉంది. “అత్తయ్య ఉత్తుత్తినే పిలుస్తోంది. నిజంగా అన్నం వేళకి పిలిచే పిలుపు వేరు. చేప చల్లారిపోతోందన్న విసుగు ఉంటుంది అందులో. రోజూ వింటున్నాగా, నాకు తెలీదూ?”

అంతే, అనలిన్ కొబ్బరిచిప్పలు రాజేసి చేప కాల్చడం మొదలుపెట్టింది. ఇంకో పొయ్యి మీద మునగాకు పులుసు, అన్నం. లుదివినాని బలవంతంగా పీట మీద కూర్చోబెట్టి మునగాకు దూయించింది. ఈలోగా ఫోన్ మోగింది. సొతేరో వంతెన ఎక్కబోతున్నాడట.

“రావద్దు అంకుల్. అమ్మడం లేదు.”

“అదేంటమ్మా? నువ్వే చూసి లోపం లేదన్నావుగా. ఏమైనా విరిగిందా?”

“నేనే పాడుచేశాను. బాగుచేస్తున్నాను.”

“అదీ సంగతి. మీ నాన్న శ్రుతి నువ్వు ముట్టుకుని ఉంటావు,” అన్నాడాయన. “మేమెవరం ముట్టుకునేవాళ్ళం కాదు. సరే, రేపు పూజకి వస్తాన్లే.”

చేప దించేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. పొగకి కళ్ళు మండుతూ, కూతురు ఇంకా ఆ గిటార్ పట్టుకుని కూర్చున్నందుకు విసుక్కుంటూ, లుదివినా అలవాటుగా ముందుగదివైపు తిరిగి కేక పెట్టింది.

“తోల్యో... అన్నానికి రా!”

పిలిచాక గానీ పిలిచానని ఆవిడకే తెలియలేదు. క్రిసెల్డా చెవి ఆ గొంతుని పట్టుకుంది. కళ్ళు మూసుకుని మూడో తీగ మర కొద్దికొద్దిగా తిప్పింది. “అమ్మా, ఇంకొక్కసారి, అలాగే.” రెండోసారి పిలుపుకి తీగ వణికింది. మూడోసారికి నిండుగా పలికింది. అనలిన్ గరిటెతోనే శిలువ గుర్తు వేసుకుంది. లుదివినా కొంగు లేని గౌను అంచుతో కళ్ళు తుడుచుకుని, పళ్ళేలు పరిచింది.

మూడో తీగ దొరికాక మిగతావి దాని వెంట నడిచాయి, అయిదోది, ఒకటోది, రెండోది, ఆరోది. చివరికి నాలుగోది మిగిలింది. అది ఇప్పటికీ వీటితో పూర్తిగా కలవలేదు, కలవకుండానూ లేదు. చెయ్యి మర మీదికి వెళ్ళింది.

“ఆగు,” అంది అమ్మ. “అది నిన్న ముట్టుకున్నావా?”

“లేదమ్మా. తెగుతుందని వదిలేశాను.”

“అయితే దాని జోలికి పోకు. అది ఇంకా ఆయన తిప్పినట్టే ఉంది.” లుదివినా వచ్చి పక్కన చాప మీద కూర్చుంది. “రోజూ అన్నీ అయ్యాక చివర్న దాన్ని కట్టేవాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చునేవాడు, ఎవరో మాట్లాడితే విందామన్నట్టు. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. గుర్తుతోనే కట్టుకునేవాడు. నేనెంత పిలిచినా అది పలికేది కాదు. ఇదెవరిదీ అనడిగితే, బయటికెళ్ళింది, వస్తుందిలే అనేవాడు.”

క్రిసెల్డా గిటార్‌ని గోడకి తగిలించింది. తాడు రెండుసార్లు జారింది. నెమ్మదిగా వంటింటి గుమ్మం దాకా నడిచింది. చిన్నప్పుడు అమ్మకి తీరిక లేకపోతే అన్నానికి పిలిచే పని తనదే. ఇక్కడే, ఈ గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడి పిలిచేది.

నోరు తెరిచింది. పన్నెండేళ్ళు అడ్డంపడ్డాయి. మళ్ళీ ప్రయత్నించింది.

“నాన్నా...”

ఏడుపులో గొంతు ఎటో పోయింది. గోడమీద ఏ చప్పుడూ లేదు.

“పలకడమ్మా,” అంది వెక్కుతూ. “ఎందుకు పలుకుతాడు నాకు?”

“అలా ఏడిస్తే ఎవరు పలుకుతారే? ఆకలేసి పిలిచేదానివి కదూ అప్పట్లో. ఆకలేసినట్టు పిలువు. చేప చల్లారిపోతోంది.”

నిజంగానే ఆకలేస్తోంది. పొద్దుటినుంచీ ఎవరూ ఏమీ తినలేదు. క్రిసెల్డా మొహం తుడుచుకుంది. గుమ్మానికి చెయ్యి ఆనించి, చిన్నప్పటి విసుగంతా గొంతులోకి తెచ్చుకుని కేక పెట్టింది.

“నాన్నా... అన్నానికి రా!”

నాలుగో తీగ పలికింది. అమ్మ తీగలా సన్నగా కాదు, లోతుగా, గదంతా నిండేలా. చాలాసేపు ఆగలేదు. అరిగిన ఆ తీగ అంత పలుకుతుందని దుకాణంలో ఎవరు చెప్పినా ఆమె నమ్మి ఉండేది కాదు.

ఆ గుమ్మంలోనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. శవం ముందు ఏడవవలసిన ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. లుదివినా ఓదార్చలేదు. అనలిన్ వెళ్ళబోతే చెయ్యి పట్టి ఆపింది. కాసేపయ్యాక గిటార్ కింది పళ్ళెం తీసుకొచ్చి బల్ల మీద మిగతా పళ్ళేల పక్కన పెట్టింది.

“రేపు నల్లబట్టలు తీసేస్తాను,” అంది. “పూజయ్యాక దాన్ని నువ్వు తీసుకెళ్ళు. అక్కడ వాయించుకో. గోడకి తగిలించి నేనేం చేసుకుంటాను?”

“ఆ నాలుగో తీగ ఎన్నాళ్ళో ఉండదమ్మా. బాగా అరిగిపోయింది. వాయిస్తే తెగిపోతుంది.”

“తెగితే కొత్త తీగ వేసుకో. వేసుకుని, పిలిచి, కట్టుకో. మీ నాన్న చేసింది అదేగా.” అన్నం వడ్డిస్తూ కూతురి వైపు చూసింది. “ఏడాదిగా నా పిలుపుకి వచ్చాడు. ఇవాళ నీ పిలుపుకొచ్చాడు. ఇక లే ఇందాయ్, వచ్చి కూర్చో. అందరం తిందాం.”